పెరటి పంట మిగిలితే: ఒరుగులు, వడియాలు, నిల్వలో జాగ్రత్తలు



ఆగస్టు మొదలైందంటే మన ఆలయంలో చెప్పుల అరల పక్కన ఉన్న బల్ల ఖాళీగా ఉండదు. సొరకాయలు, బీరకాయలు, వంకాయలు, కాకరకాయలు, గోంగూర కట్టలు, ఎవరి పెరట్లో ఎక్కువైనవి వాళ్ళు తెచ్చి పెడతారు. కావలసినవాళ్ళు పట్టుకెళ్తారు. సెప్టెంబరు వచ్చేసరికి తెచ్చేవాళ్ళు పెరిగి, పట్టుకెళ్ళేవాళ్ళు తగ్గుతారు. ఇక అక్టోబరు రెండో సగంలో ఏదో ఒక రాత్రి న్యూజెర్సీలో తొలి మంచు పడుతుంది. ఆ ఒక్క రాత్రికే వంగ, బెండ, మిరప, గోంగూర నల్లబడి వాలిపోతాయి. ఆలోపు కోసినదంతా ఏం చేసుకోవాలన్నది పెరడు ఉన్న ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్నే.

ఆలయ వంటశాలలోనూ, ఎవరి పెరళ్ళలో వాళ్ళమూ పనిచేసే వాలంటీర్లం ఈ విషయమై సభ్యులు అడిగే ప్రశ్నలను ఒకచోట చేర్చి సమాధానాలు రాద్దామనుకున్నాము. ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. మన పెద్దవాళ్ళు ఊళ్ళో చేసిన పద్ధతులు చాలావరకు ఇక్కడా పనికొస్తాయి. అయితే ఆ పద్ధతుల్లో సగం పని ఎండదే. ఇక్కడ ఆ పనిని మరో సాధనానికి అప్పగించాలి. అది చేయకుండా మిగతాదంతా యథాతథంగా చేస్తే సరుకు బూజు పట్టడంతో ఆగకపోవచ్చు, తిన్న మనిషికే ప్రమాదం కావచ్చు.

అక్కడి ఎండ, ఇక్కడి ఎండ

మన వైపు వడియాలు, ఒరుగులు పెట్టే కాలం శివరాత్రి వెళ్ళాక మొదలవుతుంది. చలికాలపు కూరగాయలు చివరికొచ్చే వేళకు ఎండ ముదురుతుంది. అంటే సరుకు మిగిలే సమయమూ, ఎండ దొరికే సమయమూ ఒకటే. డాబా మీద పాత పంచె పరిచి, ఉదయం పెట్టిన వడియం సాయంత్రానికి పైన గట్టిపడితే, మర్నాడు తిరగేసి ఎండబెడితే సరిపోయేది. కోస్తాలో గాలిలో తేమ ఉన్నా, కాలిన డాబా నేల అడుగునుంచి వేడి ఇచ్చేది. పల్నాడులో, తెలంగాణలో అయితే ఏప్రిల్ మధ్యాహ్నం గాలే పొడిగా ఉంటుంది.

ఇక్కడ లెక్క తలకిందులు. కాపు విరగకాసేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఆగస్టులో వేడి ఉన్నా గాలి నిండా తేమ. సెప్టెంబరు చివరికి తేమ కాస్త తగ్గినా వేడి పోతుంది, పగలు చిన్నదవుతుంది, రాత్రి మంచు కురిసి పగలు ఆరినదంతా మళ్ళీ మెత్తబడుతుంది. ఆరుబయట పండ్లు ఎండబెట్టాలంటే కనీసం 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, 60 శాతం లోపు తేమ ఉండాలని జార్జియా విశ్వవిద్యాలయంలోని జాతీయ గృహ ఆహార నిల్వ కేంద్రం చెబుతుంది. ఆ రెండూ కలిసి వరుసగా మూడు నాలుగు రోజులు ఉండడం మన రాష్ట్రంలో అరుదు. కూరగాయలనైతే అసలు ఆరుబయట ఎండబెట్టవద్దనే ఆ కేంద్రం సలహా. పండ్లలో ఉండే పులుపు, చక్కెర వాటిని కొంత కాపాడతాయి. కూరగాయల్లో ఆ రెండూ తక్కువ.

నీళ్ళు, పులుపు, ఉప్పు

నిల్వ చేసే పద్ధతులు ఎన్ని ఉన్నా వాటన్నిటి వెనుకా ఉన్నవి మూడే. సూక్ష్మజీవులకు నీళ్ళు అందకుండా చేయడం, వాటికి సరిపడనంత పులుపు చేర్చడం, వాటికి తట్టుకోలేనంత ఉప్పు చేర్చడం. ఎండబెట్టడమంటే మొదటిది. ఉప్పు కూడా ఒక విధంగా మొదటి పనే చేస్తుంది. కాయలో ఉన్న నీటిని తనవైపు లాక్కుని, సూక్ష్మజీవికి దక్కకుండా పట్టి ఉంచుతుంది.

ఆవకాయ ఏడాదంతా బయట జాడీలో నిలిచేది ఈ మూడూ కలిసి పనిచేయడం వల్లే. తుడిచి ఆరబెట్టిన ముక్క, పచ్చిమామిడి పులుపు, ధారాళంగా ఉప్పు, పైన ఆవపిండి, కారం. ఆ కొలతలు రుచికోసం మాత్రమే పెట్టినవి కావు. ఈమధ్య బీపీ ఉందని చాలా ఇళ్ళలో ఉప్పు సగానికి తగ్గిస్తున్నారు. తగ్గించడం మంచిదే. కానీ ఉప్పు తగ్గిన పచ్చడి ఇక జాడీ పచ్చడి కాదు, ఫ్రిజ్ పచ్చడి అని గుర్తుపెట్టుకోవాలి.

ఎండకు బదులు ఏమిటి?

అందరికీ పనికొచ్చేది డీహైడ్రేటర్. చిన్న వేడి, ఒక ఫ్యాను, జల్లెడలాంటి పళ్ళేలు, అంతే దాని నిర్మాణం. కూరగాయలకు 140 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 60 సెల్సియస్ పెట్టాలి. అంతకంటే బాగా తక్కువ పెడితే కాయ ఆరేలోపు చెడిపోయే సమయం దొరుకుతుంది. త్వరగా అవుతుందని బాగా పెంచితే పైన తోలు బిగుసుకుపోయి లోపలి నీరు బయటికి రాదు. పైకి గలగలలాడుతూ లోపల తడిగా ఉన్న ముక్క డబ్బాలో పెట్టిన వారానికే బూజు పడుతుంది.

ఓవెన్‌లో చేయవచ్చా అని చాలామంది అడుగుతారు. మన ఇళ్ళలో ఉండే చాలా ఓవెన్లు 170 డిగ్రీలకంటే కిందికి దిగవు. అది ఎక్కువ. మీ ఓవెన్ 140కి దిగేదైతే తలుపు కొద్దిగా తెరిచి ఉంచి, ఎదురుగా చిన్న ఫ్యాను పెట్టి చేయవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పని వద్దు. ఎయిర్ ఫ్రయర్‌లో డీహైడ్రేట్ మీట ఉంటే కొద్ది సరుకుకు బాగానే పనికొస్తుంది.

ఎండలో నిలిపిన కారులో వడియాలు పెట్టడం మనవాళ్ళు ఇక్కడ కనిపెట్టిన ఉపాయం. కారులో వేడికి కొదవ ఉండదు. కొరత గాలిది. అద్దాలన్నీ మూసి ఉంటే వడియాల నుంచి లేచిన ఆవిరి లోపలే తిరుగుతుంది. అద్దాలు కొంత దించి పలచని తెర కడితే కొంత నయం. మినప్పిండి వడియాలకు, అదీ జూలై ఎండలో మాత్రమే దీన్ని వాడుకోండి. ముక్కలుగా కోసిన కూరగాయలకు వద్దు.

ఏ కాయకు ఏ పద్ధతి?

గోరుచిక్కుడు, వంకాయ, దొండకాయ ఒరుగులు. కాయలను ఒకే మందంలో, పావు అంగుళం మించకుండా తరగాలి. ఒకే మందం ముఖ్యం. లేకపోతే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా మిగులుతాయి. ఉప్పు, పసుపు వేసిన మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి, గుడ్డమీద ఆరబోసి, పళ్ళేల్లో ఒక్క వరుసగా పరచాలి. మన అమ్మమ్మలు ఉప్పునీళ్ళలో ఒక పొంగు రానిచ్చి తీసేవారు కదా, దాని ప్రయోజనం ఇదే. కాయలోని ఎంజైములు ఆ వేడికి చచ్చిపోతాయి. లేకపోతే ఎండిన తరువాత కూడా అవి పనిచేస్తూ రంగునూ రుచినీ పాడుచేస్తాయి. బెండకాయకు, మిరపకాయకు ఈ ఉడుకు అక్కర్లేదు.

కాకరకాయ. చక్రాలుగా తరిగి, ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో ఒక రాత్రి ఫ్రిజ్‌లో నానబెట్టి, వడకట్టి ఎండబెడితే చేదు తగ్గుతుంది, వేయిస్తే కరకరలాడుతుంది.

చల్ల మిరపకాయలు. కాయకు మధ్యలో గాటు పెట్టి ఉప్పు మజ్జిగలో ఊరవేయడం, పగలు తీసి ఎండబెట్టడం, రాత్రి మళ్ళీ అదే మజ్జిగలో వేయడం, మజ్జిగంతా కాయ పీల్చుకునేదాకా మూడు రోజులు ఇలా తిప్పడం అందరికీ తెలిసిందే. ఇక్కడ మార్పులు రెండు. రాత్రి గిన్నె ఫ్రిజ్‌లో ఉండాలి. పగలు ఎండకు బదులు డీహైడ్రేటర్. ఇంట్లో ఘాటు నిండుతుంది కనుక యంత్రాన్ని గరాజ్‌లో తలుపు కొంత ఎత్తి పెట్టుకోండి.

బూడిదగుమ్మడి వడియాలు. ఇందులో కష్టమంతా నీళ్ళు తీయడంలోనే ఉంది. కాయను సన్నగా తరిగి ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. ఊళ్ళో రుబ్బురోలు పొత్రం ఎత్తేవారు. ఇక్కడ నీళ్ళు నింపిన పెద్ద కుక్కర్ సరిపోతుంది. అడుగున గిన్నె పెట్టి మూటను ఫ్రిజ్‌లోనే ఉంచండి. మినప్పప్పును వీలైనంత తక్కువ నీళ్ళతో గట్టిగా రుబ్బాలి. వడియం చిన్నదిగా, కొంచెం చదునుగా పెట్టండి. డీహైడ్రేటర్ పళ్ళెం మీద కాగితం పరిచి పెట్టి, పైన గట్టిపడగానే తిరగేసి, కాగితం తీసేయాలి. ఒక వడియాన్ని విరిచి చూస్తే మధ్యలో తెల్లటి మెత్తదనం కనిపించకూడదు.

టమాటా. ముక్కలకు ఉప్పు రాసి ఎండబెట్టి, చింతపండుతో కలిపి రుబ్బితే నిల్వ పచ్చడికి సగం పని అయినట్టే. ఎండిన ముక్కలుగానే దాచుకుని, కావలసినప్పుడు కొద్దికొద్దిగా పచ్చడి చేసుకోవడం ఇంకా మేలు.

ఆకులు. కరివేపాకు, మెంతికూర, పుదీనా వంటివాటికి 140 డిగ్రీలు పెడితే వాసన పోతుంది. 95 నుంచి 115 మధ్య చాలు. కడిగిన ఆకును గుడ్డమీద నీడలో ఆరబెట్టినా చలికాలంలో, హీటర్ నడిచే ఇంట్లో చక్కగా ఎండుతుంది. గోంగూరను తడి లేకుండా ఆరబెట్టి నూనెలో మగ్గించి, ఐసు ట్రేలలో గట్టిపరిచి, సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఉగాది దాకా పప్పుకూ పచ్చడికీ లోటుండదు.

పండ్లు. అంజూరం, ఆపిల్, పీచ్ మన పెరళ్ళలో బాగా కాస్తాయి. పీచ్ గుజ్జును మామిడి తాండ్రలాగా పళ్ళెంలో పలచగా పోసి 140లో ఆరబెట్టవచ్చు. ఆత్రేయపురం తాండ్రలా పొర మీద పొర పోయాలన్న ఉత్సాహం ఉంటే, కింది పొర చేతికి అంటుకోనంతగా ఆరాకే రెండోది పోయండి.

సొరకాయ, బీరకాయలను ఎండబెట్టి లాభం లేదు. వాటిలో ఉన్నదంతా నీళ్ళే. తురిమి ఫ్రీజర్‌లో పెట్టండి, లేదా మన బల్ల మీదకు తీసుకురండి.

ఎండిందని తెలిసేదెలా?

ఎండిన ఒరుగును చేతిలోకి తీసుకుని గలగలలాడించి చూడడం పెద్దవాళ్ళ పరీక్ష. మంచి పరీక్షే. కాకపోతే ముక్క చల్లారాక చూడాలి. వేడిమీద మెత్తగా ఉన్నది చల్లారాక గట్టిపడవచ్చు.

దానికి తోడు తూకం వేయడం మేము అలవాటు చేసుకున్నాము. బెండకాయలో సుమారు 90 శాతం నీళ్ళు. కిలో బెండకాయలో గట్టి పదార్థం 100 గ్రాములన్నమాట. ఎండిన కూరగాయలో మిగిలే తేమ పది శాతం దగ్గర ఉండాలి. కనుక తరిగిన కిలో ముక్కలు ఎండి 110 గ్రాములకు దగ్గరగా రావాలి. 150 దగ్గర ఆగితే గలగలలాడుతున్నా ఇంకా నీళ్ళున్నట్టే, మరికొన్ని గంటలు పెట్టాలి. కాకరకాయలో నీళ్ళు ఇంకా ఎక్కువ. కిలోకు 70 గ్రాముల దగ్గరికి దిగుతుంది. మజ్జిగలో, ఉప్పునీళ్ళలో వేసినవాటికి ఉప్పు బరువు కొంత కలుస్తుందని గుర్తుంచుకోండి.

ఎండిన వెంటనే డబ్బా నింపి మూత బిగించవద్దు. గాజు సీసాను మూడింట రెండు వంతులు నింపి, మూత పెట్టి, వారం పది రోజులు రోజూ ఒకసారి కుదిలించండి. ముక్కల్లో హెచ్చుతగ్గులుగా మిగిలిన తేమ అన్నిటికీ సమంగా సర్దుకుంటుంది. సీసా లోపల గోడకు చెమ్మ కనిపిస్తే అంతా తిరిగి యంత్రంలోకి వెళ్ళాలి. ఎక్కడైనా బూజు కనిపిస్తే ఆ ముక్క ఒక్కటే తీసేసి మిగతాది వాడుకోవడం కాదు, సీసా మొత్తం పారేయాలి. కారులోనో బయటో ఆరినవాటిని ఫ్రీజర్‌లో సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 48 గంటలు ఉంచితే పురుగుల గుడ్లు చచ్చిపోతాయి.

తరువాత చల్లని, చీకటి అర చాలు. స్టవ్ పైన ఉండే అలమర మాత్రం వద్దు, అక్కడ వేడీ ఆవిరీ రెండూ ఉంటాయి. ప్రతి సీసా మీదా ఏమిటన్నది, ఏ రోజు చేసినదన్నది రాయండి. మాలో చాలామందికి పగలంతా కంప్యూటర్ ముందే పని. ఏ రోజు ఏం మార్చామో రాసి పెట్టనిదే అక్కడ పని సాగదు. వంటింటి అలమర మాత్రం మనలో చాలామందికి జ్ఞాపకం మీదే నడుస్తుంటుంది.

నూనె కాపాడదు

ఈ వ్యాసంలో మీరు ఒక్క భాగమే గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

2015 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రంలోని లాంకాస్టర్ పట్టణంలో ఒక చర్చివారు సామూహిక భోజనం చేశారు. ఇళ్ళనుంచి తలా ఒకటి వండి తెచ్చారు. మన వనభోజనాల్లాంటిదే. తిన్నవారిలో 29 మందికి బాట్యులిజం వచ్చింది, ఒకరు చనిపోయారు. కారణం బంగాళాదుంప సలాడ్. దానికి వాడిన దుంపలను ఇంట్లో సీసాల్లో నిల్వ చేశారు, కానీ ప్రెషర్ క్యానర్ వాడకుండా, మామూలు మరిగే నీళ్ళలో పెట్టి చేశారు.

ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి మట్టిలో ఉంటుంది. మన పెరటి కాయల మీదా ఉంటుంది. దాని బీజాలు మరిగే నీళ్ళకు చావవు. గాలి ఆడని చోట, తడిగా, పులుపు లేకుండా, గది వేడిలో ఉంటే అవి మేల్కొని విషం తయారుచేస్తాయి. ఇక ఒక సీసాలో వెల్లుల్లి రెబ్బలు వేసి, పైన మునిగేలా నూనె పోసి, గట్టు మీద పెట్టామనుకోండి. గాలి లేదు, తడి ఉంది, పులుపు లేదు, వెచ్చగా ఉంది. దానికి కావలసినవన్నీ మనమే సమకూర్చినట్టు. పైన నూనె తేలితే పచ్చడి చెడదన్న మాట బూజు విషయంలో నిజం. బూజుకు గాలి కావాలి. దీనికి గాలి లేకపోవడమే కావాలి. పైగా రంగు, రుచి, వాసన ఏదీ మారకపోవచ్చు. వాసన చూసి బాగుందని చెప్పే వీలు ఇక్కడ లేదు.

కనుక ఈ నియమాలు పాటించండి.

నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లి, వేయించిన వంకాయ, సగం ఎండిన టమాటా, మిరపకాయ వంటివి ఫ్రిజ్‌లోనే ఉండాలి. నాలుగు రోజుల్లో వాడేయాలి, లేదా ఫ్రీజర్‌లో పెట్టాలి.

వంకాయ, దొండకాయ, బీరకాయ వంటి పులుపు లేని కాయల రోటి పచ్చళ్ళు ఏ రోజువి ఆ రోజే. మిగిలితే ఫ్రిజ్.

గోంగూర, టమాటా పచ్చళ్ళలో పులుపు ఉన్నా, ఎంత ఉందో ఇంట్లో చేసినప్పుడు ఒక్కో విడతకు ఒక్కోలా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే క్షేమం.

మన పచ్చళ్ళను సీసాల్లో పోసి మూత బిగించి మరిగించే ప్రయోగం ఎవరూ చేయవద్దు. సీసాల్లో నిల్వ చేయాలన్న ఆసక్తి ఉంటే రట్గర్స్ విశ్వవిద్యాలయం విస్తరణ కార్యాలయం ప్రతి కౌంటీలో ఉంది. వాళ్ళను అడిగి, పరీక్షించిన పద్ధతినే అనుసరించండి.

ఏదైనా తిన్నాక ఒకటి రెండు రోజుల్లో చూపు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం జరిగితే 911కి ఫోన్ చేయండి, ఏం తిన్నారో చెప్పండి. దీనికి విరుగుడు మందు ఉంది. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

వనభోజనాలకు ఏం తేవచ్చు?

కార్తిక మాసం దగ్గరపడుతోంది. వేయించిన ఒరుగులు, వడియాలు, చల్ల మిరపకాయలు, కరివేపాకు పొడి, తాండ్ర సంతోషంగా తీసుకురండి. ఏమేం వేశారో చిన్న చీటీ పెట్టండి. వేరుశనగ, ఆవాలు, పాలు పడనివాళ్ళు మనలో ఉన్నారు. పచ్చళ్ళయితే ఆ రోజు చేసి, చల్లగా ఉంచి తేవాలి. ఇంట్లో సీసాల్లో నిల్వ చేసిన తడి పదార్థాలను మాత్రం ఎవరు చేసినవైనా వడ్డనలో పెట్టము. దీనిని చేసినవారి మీద అనుమానంగా తీసుకోవద్దని మనవి. ఇంట్లో నలుగురు తినేదానికీ, రెండు మూడు వందల మందికి పెట్టేదానికీ జాగ్రత్త ఒకేలా ఉండదు. పంక్తిలో కూర్చునేవారిలో పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ళు ఉంటారు.

పెద్దలకు ఒక విన్నపం

వేసవికి వచ్చిన మన తల్లిదండ్రులు చాలామంది అక్టోబరు, నవంబరుల్లో తిరుగు ప్రయాణమవుతారు. వడియాల పిండి ఎంత గట్టిగా ఉండాలో, మజ్జిగ ఎంత పులవాలో వాళ్ళ చేతులకు తెలుసు. చారెడు, గుప్పెడు, సోల, గిద్దె అని చెబుతారు. వాళ్ళు వేసే ముందు ఆ గుప్పెడును ఒక్కసారి తూకంలో పెట్టి గ్రాములు రాసుకోండి. ఇందులో ప్రధానమైనది ఉప్పు. కిలో కాయకు ఎంత ఉప్పన్నది అంకెగా మన దగ్గర ఉంటే, తగ్గించినప్పుడు ఎంత తగ్గించామో తెలుస్తుంది, సీసా అలమరలో ఉండాలా ఫ్రిజ్‌లో ఉండాలా అన్నది నిర్ణయించుకోవచ్చు. రాసినవి ఆలయ కార్యాలయంలో ఇస్తే, సరిచూసి వచ్చే సంచికల్లో ఒక్కొక్కటిగా ప్రచురిస్తాము.

తొలి మంచుకు ఇంకా కొన్ని వారాల వ్యవధి ఉంది. రేపు తుంచే కాయలతో ఒక్క పళ్ళెం ఒరుగులతో మొదలుపెట్టండి. సందేహాలుంటే ఆదివారం అన్నదానం తరువాత వంటశాల దగ్గర మేము ఉంటాము, వచ్చి అడగండి.